సముద్రపు హెచ్చరికను వరంగల్ సంచికలోనూ అచ్చు వేయండి

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక వరంగల్ జిల్లా సంచికలో వాతావరణం పేరిట రోజూ వేసే చిన్న పెట్టెలో హనుమకొండ, రామగుండం, ఆదిలాబాద్ ఉష్ణోగ్రతలు ఉంటాయి, సూర్యోదయ సూర్యాస్తమయాల వేళలు ఉంటాయి, వానాకాలంలో జలాశయాల నీటిమట్టాలు కూడా ఉంటాయి. ఆ పెట్టెలోనే మరో రెండు పంక్తులకు చోటు ఇవ్వాలని, వాటిలో బాపట్ల, చీరాల, మచిలీపట్నం తీరాల్లో రాబోయే రెండు మూడు రోజులు సముద్రం ఎలా ఉండబోతోందో, చిన్న పడవలు దిగవచ్చో దిగకూడదో తెలియజేయాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. సముద్రమే లేని జిల్లాకు సముద్రపు కబురు ఎందుకన్న ప్రశ్న మీకు రావచ్చు. తీరంలో పుట్టి పెరిగినవారికంటే మాకే ఆ కబురు అవసరమని నా గట్టి నమ్మకం.

కొన్నేళ్లుగా వరంగల్, కరీంనగర్, పెద్దపల్లి, మంచిర్యాల ప్రాంతాల యువకులు వారాంతాల్లో జట్లుగా తీరానికి వెళ్తున్నారు. కాజీపేటలోనో వరంగల్‌లోనో రాత్రి రైలెక్కితే తెల్లవారేసరికి బాపట్లలోనో చీరాలలోనో దిగవచ్చు, అక్కడి నుంచి సూర్యలంకకు గానీ ఓడరేవు అనే తీర గ్రామానికి గానీ ఆటోలో వెళ్లవచ్చు. ఒకప్పుడు అలల్లో స్నానం చేసి, చేపల వేపుడు తిని తిరిగి వచ్చేవారు. ఇప్పుడు చాలామందికి అది చాలడం లేదు. మత్స్యకారుల ఫైబర్ పడవలో నాలుగైదు కిలోమీటర్లు లోపలికి వెళ్లి, గాలం వేసి, వంజరం చేపనో పార చేపనో లాగి చూడాలని కోరుకుంటున్నారు. ఈ కోరికలో తప్పేమీ లేదని ముందే చెబుతున్నాను. పాకాల, లక్నవరం, దిగువ మానేరు కట్టల మీద గాలాలు పట్టుకొని రవ్వకో బొచ్చెకో గంటలకొద్దీ కాచుకొని కూర్చునే అలవాటు మన ప్రాంతంలో తరతరాలుగా ఉన్నది. అలాంటివాడికి ఉప్పునీటి చేప లాగే లాగుడు ఎలా ఉంటుందో చూడాలని మనసు లాగడం సహజం. తెలిసిన మత్స్యకారులతో నేను కూడా సముద్రం మీదికి వెళ్లి వచ్చినవాణ్ణే, ఆ ఆనందం ఎలాంటిదో నాకు తెలుసు.

అయితే చెరువు నేర్పిన పాఠాలు సముద్రం దగ్గర పనికిరావు సరికదా, అవే మనల్ని మోసం చేస్తాయి. చెరువులో అల ఆ చెరువు మీద వీచే గాలికే పుడుతుంది, గాలి ఆగగానే కాసేపట్లో అణిగిపోతుంది. కాబట్టి ఆకాశాన్ని, కట్ట మీది చెట్లను చూసి నీటి సంగతి చెప్పవచ్చు, మన బెస్తలు, ముదిరాజులు తెప్పలు, పుట్టీలు వేసుకొని వెళ్లేటప్పుడు చూసుకునేది అదే. సముద్రంలో అలా కాదు. వేల కిలోమీటర్ల దూరాన, హిందూ మహాసముద్రపు దక్షిణ భాగంలో ఎక్కడో చెలరేగిన తుఫాను గాలికి పుట్టిన అలలు రోజుల తరబడి ప్రయాణించి మన తీరానికి చేరవచ్చు. అవి వచ్చిన రోజు ఇక్కడ ఎండ కాస్తూ ఉండవచ్చు, ఆకు కదలకపోవచ్చు, సముద్రం దూరం నుంచి చూస్తే నున్నగానే కనిపించవచ్చు. లోతు ఉన్నచోట అలాంటి అల పడవను మెల్లగా ఎత్తి మెల్లగా దించుతుంది, దాని బలం బయటపడేది ఒడ్డుకు దగ్గరగా, నీటి లోతు అల ఎత్తుతో దాదాపు సమానమయ్యే చోట. అక్కడ అల నిటారుగా లేచి, ముందుకు ఒరిగి విరుగుతుంది. ఒక ఘనపు మీటరు సముద్రపు నీటి బరువు వెయ్యి కిలోలకు పైమాటే. నడుము ఎత్తు అల విరిగి పడవ పక్కకు తగిలితే ఎంత బరువు వచ్చి పడుతుందో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. చిన్న పడవలకు ప్రమాదం నడి సముద్రంలోనే ఉంటుందని మనవాళ్లు అనుకుంటారు, కానీ ఒడ్డు నుంచి బయలుదేరే మొదటి వంద గజాలు, తిరిగి చేరే చివరి వంద గజాలు కూడా అంతటి ప్రమాదకరమైనవే.

ఓడరేవులో తెల్లవారుజామున పడవ దించడాన్ని దగ్గర నుంచి చూసినవారికి ఈ మాట వేరే చెప్పనక్కరలేదు. ఇసుక మీద ఉన్న ఫైబర్ పడవను భుజాలు ఆనించి, తాళ్లు పట్టి, హైలెస్సా అంటూ నీటి అంచుకు చేరుస్తారు. కొన్నిచోట్ల ఆ పని ట్రాక్టరు చేస్తున్నది. అడుగున నీరు వదిలే రంధ్రానికి బిరడా బిగించారో లేదో ఒకరు చేత్తో తడిమి చూస్తారు. ఆ తర్వాత జరిగేది పైకి ఏమీ జరగనట్టే ఉంటుంది. పడవ పెద్ద, అంటే పడవను నడిపే నాయకుడు, మోకాలి లోతు నీటిలో నిలబడి, ఒక చెయ్యి పడవ అంచు మీద వేసి, అలలు విరిగే చోటునే చూస్తూ ఉంటాడు. ఎవరూ మాట్లాడరు. పెద్ద అలలు వరుసగా కొన్ని వచ్చి, ఆ తర్వాత కొంతసేపు చిన్నవే రావడం సముద్రపు స్వభావం. ఆయన చూసేది ఆ విరామం కోసం. అది వచ్చిందని తోచగానే ఒక్క కేక వేస్తాడు, అందరూ కలిసి తోస్తారు, తోస్తూనే ఒక్కొక్కరు లోపలికి ఎగబాకుతారు. ఇంజను అప్పటికి ఎత్తే ఉంటుంది, పంకా ఇసుకకు తగలనంత లోతు వచ్చేదాకా తెడ్లతోనో గడతోనో పడవ ముక్కును అలకు ఎదురుగా నిలుపుతారు. ముక్కు కాస్త పక్కకు తిరిగిందా, తర్వాతి అల పడవను అడ్డంగా తిప్పి బోర్లా వేస్తుంది. ఇంజను దించి స్టార్ట్ చేశాక కూడా వేగం పెంచరు, ఎదురుగా వచ్చే అల మీదికి నిదానంగా ఎక్కి, అవతలి వైపు పడవ దబ్బున పడకుండా దింపుతారు. పుట్టినప్పటి నుంచి ఆ నీటిలోనే ఉన్న నలుగురైదుగురు మాత్రమే చేస్తే కుదిరే పని అది. అదే పడవలో ఈత రాని ఆరుగురు కొత్తవాళ్లు ఫోన్లు ఎత్తి పట్టుకొని ఒకే పక్కకు జరిగితే అదే పడవ పెద్ద ఏం చేయగలడు?

తిరుగు ప్రయాణం ఇంకా కష్టం. వెళ్లేటప్పుడు అల ఎదురుగా కనిపిస్తుంది, వచ్చేటప్పుడు వెనుక నుంచి వస్తుంది. అనుభవజ్ఞుడు ఒక అల వీపు మీద పడవను నిలిపి, దానితో పాటే, దాన్ని దాటిపోకుండా ఒడ్డుకు తెస్తాడు. తొందరపడి అలను దాటితే పడవ ముక్కు నీటిలో గుచ్చుకొని వెనుక భాగం పక్కకు తిరుగుతుంది. దీనికి తోడు గాలి వేళలు కూడా ఉన్నాయి. తెల్లవారుజామున గాలి నేల మీది నుంచి సముద్రం వైపు వీస్తుంది, ఒడ్డు దగ్గర నీరు కాస్త అణిగి ఉంటుంది, అందుకే మత్స్యకారులు చీకటితోనే బయలుదేరుతారు. పొద్దెక్కి నేల వేడెక్కాక గాలి సముద్రం వైపు నుంచి మళ్లుతుంది, మధ్యాహ్నానికి అలలు పెరుగుతాయి. మనవాళ్లు రైలు దిగి, గది తీసుకొని, టిఫిన్ చేసి, పదింటికో పదకొండింటికో పడవ అడుగుతారు. మత్స్యకారుడు వేట ముగించుకొని ఒడ్డు చేరే వేళకు వీళ్లు బయలుదేరతామంటారన్నమాట. నదులు సముద్రంలో కలిసే మొగల దగ్గర ఇది మరీ ప్రమాదం. ఆటు వేళ నది నీరు బయటకు పరుగెడుతూ, లోపలికి వచ్చే అలను ఢీకొంటుంది, ఆ అల పొట్టిగా, నిటారుగా మారి చిన్న పడవను నిలవనివ్వదు. పౌర్ణమికి, అమావాస్యకు పోటు ఎక్కువగా ఉంటుంది కనుక ఆటు లాగుడు కూడా ఆ రోజుల్లోనే ఎక్కువ.

నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇక్కడే ఉన్నది. ఈ రోజు సముద్రం మీదికి వెళ్లకూడదన్న నిర్ణయాన్ని ఒడ్డున నిలబడి తీసుకోవడం చాలా కష్టం. రాత్రంతా రైలులో ప్రయాణం చేసి, గదికి, ఆటోకు, పడవకు తలా కొంత వేసుకొని, ఇంట్లో అడిగి సెలవు పెట్టుకొని వచ్చిన జట్టు ఇసుకలో నిలబడి, వద్దులే, వెనక్కి పోదాం అనుకోవడం ఎంతమందికి సాధ్యం? పడవ పెద్ద తల అడ్డంగా ఊపితే ఇంకో అయిదు వందలు ఎక్కువ ఇస్తామంటారు. ఆయన కాదంటే పక్క పడవ దగ్గరకు వెళ్తారు. చేపలు తగ్గి, డీజిలు ఖర్చు పెరిగి, అప్పుల్లో ఉన్న మనిషి ఎవరో ఒకరు చివరకు ఒప్పుకొంటారు. ఆ మనిషిని నేను తప్పు పట్టను. తప్పంతా తీరానికి చేరాక మేలుకునే పద్ధతిలో ఉన్నది. అదే నిర్ణయం శుక్రవారం ఉదయం హనుమకొండలో టీ తాగుతూ పత్రిక చదివేటప్పుడు తీసుకోవలసి వస్తే అంత కష్టం ఉండదు. టికెట్ రద్దు చేసుకోవచ్చు, వచ్చే వారానికి మార్చుకోవచ్చు, వెళ్లినా పడవ ఎక్కకుండా ఒడ్డునే ఉండి రావాలని ముందే అనుకోవచ్చు. అందుకే ఆ కబురు తీరంలోకంటే ముందు మా జిల్లాల్లో అందాలని అడుగుతున్నాను.

పడవ ప్రమాదమంటే ఏమిటో మన జిల్లాకు కొత్తగా చెప్పవలసిన పని లేదు. 2019 సెప్టెంబరు 15న పాపికొండల విహారానికి బయలుదేరిన పడవ దేవీపట్నం మండలం కచ్చులూరు వద్ద గోదావరిలో మునిగినప్పుడు, అందులో కాజీపేట పక్కనున్న కడిపికొండ నుంచి వెళ్లినవారు ఉన్నారు. అవి గోదావరి వరద మీద ఉన్న రోజులు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు పడవలు వేసుకొని వెళ్లి కొందరిని కాపాడగలిగారు. మునిగిన పడవను బయటకు తీయడానికి అక్టోబరు 22 దాకా పట్టింది. అన్ని రోజులూ కడిపికొండలో కొన్ని ఇళ్ల వాకిళ్లలో మనుషులు ఎలా కూర్చొని ఉన్నారో చూసినవాణ్ణి నేను. అది నది, ఇది సముద్రం, నీళ్లు వేరు, పడవలు వేరు. కానీ నీటి పరిస్థితి తెలిసినవాళ్లు ఒకచోట, తెలియక పడవ ఎక్కేవాళ్లు ఇంకొకచోట ఉండడం రెండింటిలోనూ ఒకటే.

నిజానికి ఈ సమాచారం ఎక్కడో దూరాన తయారవడం లేదు. భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం, అందరూ ఇన్‌కాయిస్ అని పిలిచే సంస్థ, 1999లో ఏర్పడినప్పటి నుంచి మన హైదరాబాద్‌లోనే పనిచేస్తున్నది. దేశంలోని మత్స్యకారులందరికీ చేపలు దొరికే అవకాశమున్న ప్రాంతాలను, సముద్రపు నీటి వేడిని, నీటిలోని పచ్చదనాన్ని ఉపగ్రహాల ద్వారా గమనించి చెప్పేది అదే. 2007 నుంచి సునామీ హెచ్చరికలు ఇస్తున్నదీ అదే. ఎత్తైన అలలు, దూరం నుంచి వచ్చే ఉబ్బు అలలు ఏ తీరాన్ని ఎప్పుడు తాకుతాయో అది ముందుగానే ప్రకటిస్తుంది. 7 మీటర్ల లోపు వెడల్పున్న చిన్న పడవల కోసం ప్రత్యేకంగా ఒక హెచ్చరిక సేవ కూడా నడుపుతున్నది. అలల ఎత్తుతో పాటు అవి ఎంత నిటారుగా ఉంటాయి, ఎన్ని దిక్కుల నుంచి వస్తాయి, గాలి ఎంత త్వరగా పెరుగుతుంది అన్నవి లెక్కగట్టి, ఏ ప్రాంతంలో చిన్న పడవ తిరగబడే ప్రమాదం ఉందో అది చెబుతుంది. గాలి గంటకు 45 కిలోమీటర్లు దాటే సూచన ఉన్నప్పుడు వాతావరణ శాఖ మత్స్యకారులకు వేరుగా హెచ్చరిక జారీ చేస్తుంది. హైదరాబాద్‌లో తయారైన కబురు బాపట్ల తీరంలోని మత్స్యకారుడి ఫోనుకు చేరుతున్నది. హైదరాబాద్‌కు నూటయాభై కిలోమీటర్ల లోపే ఉన్న హనుమకొండలో, ఆ మత్స్యకారుడి పడవ ఎక్కబోయే కుర్రవాడికి మాత్రం చేరడం లేదు. ఈ ఖాళీని పూరించగలిగేది పత్రికే.

మీరు వేసే ఆ రెండు పంక్తులు అందరికీ అర్థమయ్యేలా ఉండాలి. సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది అని రాస్తే మా ప్రాంతపు పాఠకుడికి అది వర్ణనలాగే ఉంటుంది. వాతావరణ శాఖ పరిభాషలో ఆ మాటకు రెండున్నర నుంచి నాలుగు మీటర్ల ఎత్తు అలలని అర్థం, అంటే ఇంటి తలుపు కంటే ఎత్తు. ఆ మాట పక్కన ఆ అంకె వేస్తే చాలు. అలాగే రేవుల్లో ఎగరవేసే ప్రమాద సూచికల సంగతి. మూడో నంబరు సూచిక ఎగరవేశారన్న వార్తను మనం అలవాటుగా చదివి పేజీ తిప్పేస్తాం. ఆ రేవు ప్రాంతాన్ని ఈదురుగాలులు తాకే ముప్పు ఉందని దానికి అర్థమని ఒక్క వాక్యం జోడిస్తే, ఆ వార్త మా వాళ్లను ఆపగలదు.

వేట నిషేధం గురించి కూడా ఏటా ఒకసారి స్పష్టంగా వేయాలి. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు ఇంజను పడవలతో వేట నిషిద్ధం. మన పిల్లల వేసవి సెలవులు దాదాపు మొత్తం ఈ రోజుల్లోనే పడతాయి. మృగశిర కార్తె ప్రవేశించి మన ఊళ్లన్నీ చేపల కోసం బారులు తీరే వేళకు కూడా అక్కడ నిషేధం ఇంకా ఎత్తివేయరు. ఇది తెలియక వెళ్లి, ఒక్క గంట తిప్పి తీసుకురమ్మని మత్స్యకారులను బతిమాలేవారు ఉన్నారు. నిషేధ కాలానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మత్స్యకార కుటుంబానికి ఇచ్చే సాయం 2025 నుంచి 20,000 రూపాయలు. మన సరదా కోసం నిబంధన తప్పితే ఆ మనిషికి ఆ సాయం, పడవ, వలలు అన్నీ చిక్కుల్లో పడతాయి. ఇంజను లేని సంప్రదాయ పడవలకు ఈ నిషేధం వర్తించదు గానీ, కొత్తవాళ్లు వాటి జోలికి వెళ్లకపోవడమే క్షేమం.

ఇంకో విషయం సంబంధిత ప్రభుత్వ శాఖల దృష్టికి మీ ద్వారా తేవాలనుకుంటున్నాను. వేట పడవ వేటకోసం రిజిస్టరైన పడవ. దాని మీద రాసి ఉండే నంబరు, మత్స్యకారుల వద్ద ఉండే గుర్తింపు కార్డు, అన్నీ ఆ పనికోసం ఇచ్చినవే, ప్రయాణికులను ఎక్కించుకోవడానికి ఇచ్చినవి కావు. చాటుగా జరిగే పనిలో లైఫ్ జాకెట్లు ఎన్ని ఉన్నాయని అడిగేవారు ఉండరు, ఏ పడవలో ఎందరు ఎక్కారో రాసుకునేవారు ఉండరు. ఎలాగూ జనం అడుగుతున్నారు, మత్స్యకారులకూ రాబడి కావాలి. కాబట్టి కొన్ని తీరాల్లో, సముద్రం అనుకూలంగా ఉండే నెలల్లో, శిక్షణ పొందిన మత్స్యకారుల చేతనే, తనిఖీ చేసిన పడవల్లో, వైర్‌లెస్ సెట్టు పెట్టి, ఎక్కినవారి పేర్లు ఒడ్డున రాయించి ఈ గాలపు వేటను బాహాటంగా నడిపితే అందరికీ మేలు జరుగుతుంది. పడవ దించాలా వద్దా అన్న నిర్ణయం పడవ పెద్దదే అయి ఉండాలి, ఆయన వద్దన్న రోజు డబ్బు తిరిగి ఇచ్చే ఏర్పాటు ఉండాలి. ఇది లేకపోతే మిగతావన్నీ కాగితం మీదే ఉంటాయి.

అప్పటిదాకా వెళ్లే మన పిల్లలకు నేను చెప్పేది కొంచెమే. లైఫ్ జాకెట్ పడవలో ఉందా అని అడగడం చాలదు, నీటిలో కాలు పెట్టకముందే ఒంటికి తొడుక్కొని, పట్టీలన్నీ బిగించుకోవాలి. ఉక్కగా ఉందని మధ్యలో విప్పకూడదు. మద్యం తాగి పడవ ఎక్కడం ఆత్మహత్యతో సమానం. పడవలో చెప్పినచోట కూర్చోవాలి, చేప గాలానికి పడిందని అందరూ ఒక పక్కకు లేవకూడదు. పైకి వచ్చిన చేపను తెలియకుండా పట్టుకోకూడదు. జెల్ల చేప ముళ్లు, టేకు చేప తోక ముల్లు గుచ్చుకుంటే ఆ నొప్పికి పెద్దవాళ్లు కూడా తట్టుకోలేరు, ఒడ్డు చేరడానికి గంట పడుతుంది. ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగి వస్తారో ఒడ్డున ఒకరికి చెప్పి వెళ్లాలి. సముద్రంలో ఆపద వస్తే కోస్ట్ గార్డ్ నంబరు 1554, తీర పోలీసు నంబరు 1093. ఈ రెండు నంబర్లనూ మీరు ఆ పెట్టెలోనే అడుగున వేయగలిగితే మరీ మంచిది.

ఈ ఏర్పాటును దసరా సెలవులకు ముందే మొదలుపెట్టాలని ప్రత్యేకంగా కోరుతున్నాను. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో తుఫానులు ఎక్కువగా పుట్టే కాలం. దసరా సెలవులు, కార్తీక మాసం, సముద్ర స్నానానికి మన జిల్లాల నుంచి బస్సులకు బస్సులే కదిలే కార్తీక పౌర్ణమి అన్నీ ఆ రోజుల్లోనే వస్తాయి. రోజూ వేయడానికి స్థలం లేదనుకుంటే శుక్ర, శనివారాల్లో మాత్రమైనా వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్, ఖమ్మం సంచికల్లో వేయండి. ఇన్‌కాయిస్ సమాచారం తెలుగులోనూ అందుతున్నది కనుక మీ విలేకరులకు అదనపు శ్రమ పెద్దగా ఉండదు.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
హనుమకొండ.